ఎన్నో మెట్టు?

పిన్నీ, ఊరి మైకు వైరు కోయించింది చేపల చెరువుల ఆసామి రంగబాబే. కొల్లేరు పెరుగుతోందని తెలిస్తే, నీళ్ళకి అడ్డంగా వేసిన తన గట్టుకి గండి కొడతామని వాడి భయం.

నువ్వు పోయి రేపటికి ఏడాది. నువ్వు మైకులో చెప్పే వరద మెసేజీలు ఇప్పుడు నా ఫోనుకి వస్తున్నాయి. కొల్లేరు మీటరు పెరుగుతుందని పొద్దున వచ్చినదాన్ని ఇంటింటికీ తిరిగి చదివాను.

"మీటరంటావేంటి బాబూ, కరెంటుదా?" అని నవ్వింది మార్తమ్మ మామ్మ. "మీ పిన్నయితే నీళ్ళు చర్చి ఎన్నో మెట్టుదాకా వస్తాయో చెప్పేది."

ఆ లెక్క నువ్వు నాకు నేర్పలేదు. నేనూ అడగలేదు. ఇందాక వెళ్ళి చూస్తే మొదటి మెట్టు మునిగిపోయింది.

మైకు లేకపోయినా గొంతుంది. వీధి వీధికీ వెళ్ళి అరుస్తాను: సాయంత్రం ఐదింటికి, రెండో మెట్టు మునగకముందే, పారలు పట్టుకుని చర్చి దగ్గరికి రండి!