ఇద్దరికి సరిపోయేంత

నా చల్లని అక్కా,

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. "మేడ మీద గది ఖాళీగానే ఉంది, వచ్చేయవే. ఇక్కడా బూట్ల ఫ్యాక్టరీ ఉంది, నీ చేతికి పని దొరక్కపోదు" అని రాశావు. జవాబు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒక పని గుర్తొచ్చేది. గుర్తురావడం కాదులే, నేనే వెతికి మరీ గుర్తు తెచ్చుకునేదాన్ని. ఇవాళ వర్క్‌షాపుకి సెలవు. అత్తయ్య భోజనం చేసి కునుకు తీస్తోంది. ఈ ఉత్తరం పూర్తిచేసేదాకా కుర్చీలోంచి లేవకూడదని గట్టిగా అనుకున్నాను.

నేను బాగున్నాను. అలా రాయడం అలవాటైపోయింది. మా వర్క్‌షాపు నీకు తెలుసుగా, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకీ, వేళ్లు పోయినవాళ్లకీ, పాదం వంకర తిరిగినవాళ్లకీ కొలత తీసి బూట్లు చేస్తాం. పైతోలు కుట్టడం నా పని. ఒక జతలో రెండు బూట్లూ ఎప్పుడూ ఒకలా ఉండవు. మిషన్ల హోరులో పక్కవాళ్ల మాట వినపడదు కాబట్టి ఎవరూ ఎవర్నీ పలకరించరు. ఆ హోరు నాకు హాయి. సాయంత్రం మిషన్లు ఆగగానే గుండె జారిపోతుంది. ఇంటికి నడిచే దారిలో ఎవరైనా ఎదురై, "ఎలా ఉన్నావమ్మా, నీ విశ్వాసం చూసి మేం నేర్చుకోవాలి" అంటారేమోనని సందుల్లోంచి చుట్టూ తిరిగి వెళ్తాను.

నవ్వకు. నేను పారిపోతున్నది ఆ ఒక్క మాట నుంచే. ఇన్నాళ్లూ నీకు చెప్పనిది ఇవాళ చెప్తాను. అక్కా, ఆయన పోయినప్పటి నుంచి నేను ప్రార్థన చెయ్యలేదు. మానేశానని కాదు, రావడం లేదు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తున్నాను, అత్తయ్య చెయ్యి పట్టుకుని మూడో బల్ల దగ్గర కూర్చుంటున్నాను, పాట వస్తే పుస్తకం తెరుస్తున్నాను. కళ్లు మూసుకోగానే లోపల ఖాళీ ఇల్లు. పిలిస్తే నా గొంతే నాకు తిరిగొస్తుంది.

ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజులు నువ్వు చూడలేదు. ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు చెప్పినా నేను నమ్మలేదు. బతుకుతారని నాకు లోపల నుంచి తెలిసింది అనుకున్నాను. మామూలు ఆశ కాదక్కా, చేత్తో పట్టుకుని చూసినంత ఖాయంగా అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఒకవేళ నేను లేకపోతే..." అని మొదలుపెట్టారు. "ఆ మాట ఈ గదిలో వద్దు" అన్నాను. నవ్వి ఊరుకున్నారు. ఆ తర్వాత రెండుసార్లు ఏదో చెప్పబోయారు. మంచం చుట్టూ చేరినవాళ్లం పాట అందుకున్నాం. ఆ పాటల మధ్యలోనే ఆయన వెళ్లిపోయారు. నాకేం చెప్పాలనుకున్నారో నాకు తెలీదు. భర్త పోతే భార్యకి ఆఖరి మాటలైనా మిగులుతాయి కదా. నాకు అవీ లేవు. నా నమ్మకం ఆ మాటలు కూడా తినేసింది.

ఇప్పుడు సంగతి ఏమిటంటే, వచ్చే ఆదివారం చర్చిలో అందరి ముందూ నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మా సంఘ పెద్ద ఒక రిటైరైన హెడ్మాస్టరు గారు. "విశ్వాసం నిన్ను ఎలా నిలబెట్టిందో నాలుగు మాటలు చెప్పు తల్లీ, కష్టంలో ఉన్నవాళ్లకి ధైర్యంగా ఉంటుంది" అన్నారు. మంచివారు. కాదనలేకపోయాను.

నాలుగు మాటలు అప్పచెప్పేసి, ఆ వారంలోనే బయల్దేరి నీ దగ్గరికి వచ్చేస్తాను. అత్తయ్యని వదిన తీసుకెళ్తుంది. సొంత కూతురు, పెద్ద ఇల్లు, మనవరాళ్లు. నా గురించి ఎవరికీ తెలియని చోట, ఎవరూ నన్ను చూసి ఏమీ నేర్చుకోని చోట, తోలు కుట్టుకుంటూ బతుకుతాను. బావకి చెప్పు.

నీ పిచ్చుక

*

అక్కా,

ఆ నాలుగు మాటలు నోటికి రాలేదు.

అంతా తయారు చేసుకునే వెళ్లాను. అద్దం ముందు రెండుసార్లు చెప్పుకున్నాను కూడా. హెడ్మాస్టరు గారు నన్ను ముందుకి పిలిచి, "ఈ చెల్లెలి జీవితమే ఒక ప్రసంగం" అన్నారు. మైకు పట్టుకున్నాను. ఎదురుగా అత్తయ్య. కళ్లు కనపడవు కదా, నా గొంతు ఎటు నుంచి వస్తుందో అటు మొహం తిప్పి, చిన్నపిల్లలా మెడ చాచి కూర్చుంది. ఆ మొహం చూస్తూ అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"నేను ప్రార్థన చేసి చాలా కాలమైంది" అన్నాను. "చెయ్యాలని ఉంది, రావడం లేదు. నన్ను నిలబెట్టింది విశ్వాసం కాదు. పొద్దున్నే అత్తయ్యకి నీళ్లు కాచాలి, ఆవిడ జుట్టు దువ్వాలి, పనికి వెళ్లాలి. అంతే. నాలో ఏదో ఉందనుకుని మీరందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. ఏమీ లేదు. ఇక అలా అనకండి, నేను మోయలేకపోతున్నాను."

మైకు పెట్టేసి వచ్చి కూర్చున్నాను. హాల్లో ఎవరో దగ్గారు. పియానో దగ్గర కూర్చునే ఆవిడ కంగారులో అసలు పాట వదిలేసి వేరే పాట వాయించింది, సగం మంది అది పాడారు, సగం మంది ఇది పాడారు. వేరే రోజైతే నవ్వేదాన్నే.

బయటికొచ్చాక అందరికీ ఒక్కసారిగా గొడుగులతో పని పడింది. చినుకైనా లేదు. హెడ్మాస్టరు గారు మాత్రం దగ్గరికొచ్చి, "చిన్నపిల్లలు కూడా వింటున్నారు కదమ్మా" అన్నారు. కోపంగా కాదు, బాధగా. కోప్పడినా బాగుండేది. పాస్టరు గారు కుర్రవాడు, కొత్తగా వచ్చాడు. ఏదో అనబోయి నా చేతిని రెండు చేతుల్తో పట్టుకుని వదిలేశాడు.

అత్తయ్య దారంతా ఒక్క మాటే అంది. "అక్కడ మెట్టుంది, చూసుకో." కళ్లు లేని ఆవిడ నాకు దారి చెప్పింది. ఇంటికొచ్చాక అదీ లేదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి కొడుకునీ కూతుర్నీ పెంచిన మనిషి, నోరు తెరిస్తే ఆగదని నీకు తెలుసుగా. ఆవిడ ప్రార్థన వింటే దేవుడి మీద దేవుడికే ఫిర్యాదు ఇస్తున్నట్టుంటుంది. "మోకాలి గురించి మొన్నే చెప్పాను, వినలేదు, మళ్లీ చెప్తున్నా విను" అంటుంది. ఆ గొంతు ఆ రోజు నుంచి మూగబోయింది. నేను వడ్డిస్తే తింటుంది, దువ్వితే కూర్చుంటుంది. ఒకే గదిలో ఇద్దరం, గోడలతో కాపురం చేస్తున్నట్టున్నాం.

నిన్న పని నుంచి వచ్చేసరికి తలుపు ఓరగా ఉంది. అత్తయ్య వదినతో ఫోన్‌లో మాట్లాడుతోంది. "నన్ను తీసుకుపో. వీలైనంత తొందరగా వచ్చి తీసుకుపో. ఇంక ఇక్కడ నేనుండకూడదు." నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగి, వీధి చివరిదాకా నడిచి, కాసేపు అక్కడ నిలబడి, అప్పుడే వస్తున్నట్టు మళ్లీ వచ్చాను.

నేనే ఆవిడని పంపించెయ్యాలనుకున్నాను కదా, ఇంత గుచ్చుకోవడమెందుకు? తెలీదక్కా. నా దగ్గర ఏమీ లేదని నేనే అందరిముందూ చెప్పాను. అది నిజమని నమ్మిన మొదటి మనిషి ఆవిడ అయ్యేసరికి తట్టుకోలేకపోయాను. కొడుకు బతికిన ఇంట్లో దేవుడి మాట లేని కోడలితో ఉండలేననుకుంది కాబోలు. ఆవిడ తప్పేమీ లేదు.

ఆదివారం వదిన వస్తోంది. ఆ మర్నాడు నేను రైలెక్కుతాను. గది తుడిపించి పెట్టు.

పిచ్చుక

*

నా అక్కా,

రైలెక్కలేదని కంగారు పడి ఉంటావు. ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక చిన్న విషయం. శుక్రవారం పియానో ఆవిడ మా వర్క్‌షాపుకి వచ్చింది. చేతిలో ఒక జత బూట్లు. తిప్పి చూశాను, వాటికి ఏ రోగమూ లేదు. "ఇవి బాగానే ఉన్నాయి కదండీ" అన్నాను. "తెలుసు" అంది. స్టూలు లాక్కుని నా మిషను పక్కన కూర్చుంది. ఆ హోరులో నా చెవి దగ్గరికి వంగి, "మా పాప పోయాక నేను ఏడేళ్లు పాడలేదు. వాయించేదాన్ని. వాయించేవాళ్లు పాడటం లేదని ఎవరికీ తెలీదు. మీరు లేచి చెప్పేశారు. నేను చెప్పలేకపోయాను" అంది. ఇంకేమీ అనలేదు. నేను కుడుతూ ఉంటే పని ముగిసేదాకా కూర్చుని, బూట్లు మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను సందుల్లోంచి వెళ్లలేదు.

ఆదివారం పొద్దున వదిన వచ్చింది. అత్తయ్య అప్పటికే సామాను సర్దించుకుని, స్వెటరు గుండీలు తప్పుగా పెట్టుకుని, మంచం అంచున కూర్చుంది. నేను వంగి గుండీలు సరిచేస్తుంటే వదిన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాళ్లమ్మ వైపు తిరిగి, "ఎంత గట్టిదానివే అమ్మా నువ్వు. నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది.

"నోరు ముయ్యి" అంది అత్తయ్య.

"ముయ్యను. ఏమ్మా, నీకు తెలుసా ఈవిడ నాతో ఎందుకొస్తోందో? తనుంటే నువ్వు ఇల్లు కదలవట. కుర్రదానివట. మీ అక్క పిలుస్తున్నా తన కోసమే ఆగిపోతున్నావట. ముసలిదాని జుట్టు దువ్వడానికి ఇంకో బతుకు ఖర్చుపెట్టకూడదట. ఫోన్‌లో నాతో అన్న మాటలివి."

నేను అలాగే నేల మీద కూర్చుండిపోయాను. "మరి వారం రోజులు నాతో ఎందుకు మాట్లాడలేదు అత్తయ్యా? చర్చిలో నేనలా అన్నందుకు కాదా?"

"మాట్లాడితే ఏడుస్తానని" అంది. "ఏడిస్తే నువ్వు వెళ్లవు."

తర్వాత ఆవిడ చెయ్యి చాచి నా తల వెతుక్కుంది. "నీకు ప్రార్థన రావడం లేదని ఇప్పుడు కొత్తగా చెప్పావా? నాకు కళ్లు లేవు కానీ చెవులున్నాయిగా. నీ పక్కనే కూర్చుంటాను. నీ ఊపిరి నాకు తెలుసు. రాకపోతే రాకపోయింది, నాది వాడుకో. నేను రోజూ ఇద్దరికి సరిపోయేంత చేస్తున్నాను. మా ఆయన పోయిన కొత్తలో నేను దేవుణ్ణి పలకరించనే లేదు. లాండ్రీలో నా పక్క బల్ల ఆవిడ నా వంతు కూడా చేసేది. ఇస్త్రీ పెట్టె తోస్తూ నా పేరు చెప్పేది, వినపడేది. ఎన్నాళ్లకో ఒకరోజు నాకు నేనుగా నోరు పెగిలింది. ఇదంతా మనం సంపాదించుకునేది అనుకున్నావా? ఇచ్చేవాడు ఇస్తాడు. కొన్నిసార్లు నేరుగా ఇస్తాడు, కొన్నిసార్లు పక్కవాళ్ల చేతికిచ్చి పంపిస్తాడు."

అప్పుడు అడిగాను అక్కా. ఇన్నాళ్లూ ఎవర్నీ అడగనిది. "ఆయన నాకు ఏదో చెప్పాలనుకున్నారు. నేను చెప్పనివ్వలేదు. అదేంటో తెలుసా అత్తయ్యా?"

అత్తయ్య చెయ్యి నా తల మీద ఆగిపోయింది. "వాడికి తెలుసమ్మాయ్, తను బతకడని. నువ్వు మందులకి వెళ్లినప్పుడు నాతో చెప్పాడు. 'దానికి నిజం చెప్పనా?' అని నేనే అడిగాను. 'వద్దమ్మా. అది అంత గట్టిగా పట్టుకుని ఉంటే నాకు భయం వెయ్యడం లేదు. ఆ నమ్మకం తప్పే అయినా నాకు కావాలి' అన్నాడు. నీకు చెప్తే నీ నమ్మకం ఉత్తదైపోయిందని ఇంకా కుమిలిపోతావేమో అని దాచాను. దాచకుండా ఉండాల్సింది."

ఆయన పోయిన రోజు కూడా నేను అలా ఏడవలేదు. వదిన నా పక్కన నేల మీద చతికిలబడి తనూ ఏడ్చింది. అత్తయ్యకి మా ఇద్దరిలో ఏ తల ఎవరిదో తెలియక, దొరికిన తలనల్లా నిమిరింది.

కాస్త తేరుకున్నాక చెప్పాను, నేను ఎక్కడికీ వెళ్లనని. అత్తయ్యకి కోపం వచ్చింది. అసలు గొంతు తిరిగొచ్చింది. "వెళ్లవా? ఈ ఇంట్లో ఏముందని? వాడి మంచం, వాడి చొక్కాలు, నీ గొడుగుల జనం. వెళ్లాలి. వెళ్తున్నావు. కాకపోతే ఒకటి. బైబిల్లో అత్త వెంట పరాయి ఊరు వెళ్లిన కోడలి కథ పాస్టర్లందరూ చెప్తారు. కోడలి వెంట అత్త వెళ్లకూడదని ఎక్కడా రాసిలేదు కదా. మీ అక్కని అడుగు, ఆ గదిలో రెండు మంచాలు పడతాయేమో."

"అమ్మా, మరి నేను బండి మాట్లాడుకుని వచ్చాను కదే!" అంది వదిన.

"అయితే ఆ బండిలో సామాను స్టేషనుకి చేర్చు" అంది.

అందుకే అడుగుతున్నాను. మొహమాటపడకు. వీల్లేదంటే దగ్గర్లో ఏదైనా చిన్న ఇల్లు చూడు. ఆవిడ నోటి గురించి బావని ముందే హెచ్చరించు. చర్చి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి, ఆవిడ మోకాలి గురించి దేవుడు ఇంకా ఏ నిర్ణయానికీ రాలేదు.

నాకు విశ్వాసం తిరిగొచ్చిందని నీకు రాయలేను అక్కా. లోపల ఇల్లు ఇంకా చాలావరకు ఖాళీగానే ఉంది. ఆయన లేని లోటు అక్కడే ఉంది, ఎక్కడికెళ్లినా నాతో వస్తుంది. కానీ నిన్న భోజనం ముందు అత్తయ్య ఎప్పటిలాగే ఫిర్యాదులన్నీ అప్పచెప్పి, చివర్లో నా పేరు చెప్పి, "దీన్ని కాస్త చూసుకో, నాకు అలవాటైపోయింది" అని ముగించింది. నా ప్రమేయం లేకుండానే నా నోట్లోంచి "ఆమేన్" అని వచ్చింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అత్తయ్య తల తిప్పింది. ఏదైనా పెద్ద మాట అంటుందేమో అనుకున్నాను.

"అన్నావుగా, ఇంక వడ్డించు. చల్లారిపోతోంది" అంది.

ఇద్దరం వస్తున్నాం.

నీ చెల్లెలు