ఎడమచేతి ముడి

జూన్, వానలు పట్టుకున్న వారం

తమియో వదినకి,

ఆ రోజు అన్నయ్య పందెం సైకిలు ముందు చక్రాన్ని ఆఖరుగా ముట్టుకున్నది ఎవరు? ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్నని మోస్తూనే ఉన్నాను, మిమ్మల్ని మాత్రం ఒక్కసారీ అడగలేదు. మీకు జవాబు తెలుసని మీ ముఖం చూస్తేనే అనిపించేది. నాకు తెలియదని బయటపడటం నాకిష్టం లేదు.

నాన్న పోయారని ఫోన్లో చెబితే మీరు "అలాగా" అన్నారు. తర్వాత "బాధపడ్డారా?" అని అడిగారు. లేదన్నాను. అంతే, ఫోన్ పెట్టేశాం. అస్థికలు సమాధిలో పెట్టాల్సిన నలభైతొమ్మిదో రోజు పూజ కూడా అయిపోయింది. అస్థికల కలశం ఇంకా ఇంట్లోనే, అమ్మ ఫోటో పక్కనే ఉంది. సమాధి ఎప్పుడు తెరిపిస్తావమ్మా అని గుడి స్వామి అడిగితే, వానలు తగ్గనివ్వండి అన్నాను. అడ్డం వచ్చింది వాన కాదని ఆయనకీ తెలుసు. అన్నయ్య అస్థికలు లోపల పెట్టిన రోజు ఆ సమాధి రాయి ముందు నిలబడి మీరన్న మాట ఆయన కూడా విన్నారు కదా. "ఈయన పోయాక ఈయన్ని నా భర్త పక్కన పెట్టొద్దు. నేను ఒప్పుకోను." ఒకరి మాట పూర్తి కానివ్వని మనిషి, మా నాన్న, తల వంచి "అలాగేనమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో, తప్పు తనదేనని ఆయనే ఒప్పేసుకున్నారని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

ఇల్లు సర్దడానికి సెలవు పెట్టి వచ్చాను. గుమ్మం దాటగానే ఆ మట్టినేల గది మీకు గుర్తే కదా. కిటికీ కింద బల్ల, బల్లకి బిగించిన, చక్రాలు సరిచేసే ఇనప స్టాండు, దాని రెండు చేతుల మధ్య అన్నయ్య సైకిలు ముందు చక్రం. పందెంలో పడి అన్నయ్య పోయాక సైకిలు పందేల ట్రాక్ వాళ్ళు తిరిగిచ్చిన దగ్గర్నుంచి అది అక్కడే ఉంది. నాన్న దాన్ని తీయలేదు, బాగుచేయలేదు. సాయంత్రం ఆఖరి పందెం వేళకి వచ్చి కూర్చుని, వేలితో ఒకసారి తిప్పి, ఆగేదాకా వినేవారు. అంచు వంగిపోయింది కదా, స్టాండుకున్న కొలత సూదికి తగిలి చుట్టుకొకసారి టిక్కుమంటుంది. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ చప్పుడు వింటూ బార్లీ టీ తాగేదాన్ని. ఆయన పోయాక కూడా వినిపిస్తోంది వదినా. తలుపు జరిపితే నది గాలి దూరి చక్రం దానంతటదే కదులుతుంది. బేరింగులకి ఎంత శ్రద్ధగా గ్రీజు పెట్టేవారో, ఆ మాత్రం గాలి చాలు దానికి. గాలి అని నాకు తెలుసు. తెలిసి కూడా మొదటి రోజు "నాన్నా" అని పిలిచాను.

పందేనికి ముందు రోజు నేనూ ఇంట్లోనే ఉన్నాను. అన్నయ్య మణికట్టు బెణికి ఉంది. అయినా స్టాండు ముందు కూర్చుని స్పోకులు బిగిస్తుంటే నాన్న వెనక నిలబడి, "ఇటివ్వరా, నీ చేతిలో చక్రం తాగొచ్చినవాడిలా ఊగుతోంది" అన్నారు.

"ముందు కళ్ళజోడు తుడుచుకో నాన్నా. నీకీమధ్య కొండలు కూడా ఊగుతున్నాయి" అన్నాడు అన్నయ్య.

మీరు వంటింట్లోంచి, "మామయ్యా, ఎక్కేవాడే బిగించుకోవాలని మీరే కదా అందరికీ చెబుతారు! ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వండి" అన్నారు.

"ఎక్కేవాడికి చెయ్యి బాగుంటే అలాగేనమ్మా. ఈ బెణికిన చేత్తో బిగిస్తే రేపు నీకు మొగుడు మిగలడు."

హాస్యానికే అన్నారు. అన్నయ్య నవ్వుతూ లేచి, "తీసుకో ముసలాడా! నువ్వు బిగించిన చక్రంతో ఓడిపోతే పేపర్లో నీ పేరు వేయిస్తా" అని స్పోకు కీ ఆయన చేతికిచ్చాడు. పందెంవాళ్ళలో అది ఎంత పెద్ద కట్టు తప్పడమో మీకు నేను చెప్పాలా! బ్రేకుల్లేని సైకిలు. తన చక్రాన్ని ఇంకొకరి చేతికివ్వడమంటే ప్రాణం ఇవ్వడమే.

నాన్న అంతా సరిచేసి, ఒక్కో స్పోకుని తీగలా మీటి విని, ఆ తర్వాత స్పోకులు ఒకదాన్నొకటి దాటే ప్రతి చోటా సన్నటి తీగ చుట్టి టంకం పెట్టారు. ఆయనది ఎడమచేతి వాటం. ఆయన చుట్టిన తీగ లోకానికి ఎదురు తిరుగుతుంది. "ఎవరి పనో చెప్పక్కర్లేదు, దొంగతనం చేయలేని దొంగవి నువ్వు" అని అన్నయ్య ఏడిపించేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న తుడుస్తూ చూశాను. ముడులన్నీ నాన్నవే, ఒక్కచోట తప్ప. అక్కడ ముడే లేదు. కోసినట్టు స్పోకు మీద మెరుస్తున్న గీత ఉంది. గాలి కొట్టే వాల్వు బరువుకి చక్రం ఎప్పుడూ వాల్వు కిందికే వచ్చి ఆగుతుంది. ఈ కోసిన చోటు సరిగ్గా దానికి ఎదురుగా పైన ఉంది, అందుకని ఎప్పుడు ఆగినా నా కళ్ళ ముందుకే వస్తుంది. ముడి వేశాక స్పోకు బిగించాలన్నా వదులు చేయాలన్నా ముందు ఆ ముడి కోయాలి. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు ముడులన్నీ ఉన్నాయి, అన్నయ్య సంచిలో పెట్టబోతుంటే నేను తడిమి చూశాను. ట్రాక్‌లోకి వెళ్ళాక పందెంవాళ్ళు ఫోన్లు కూడా అప్పగించి లోపలే ఉండాలి, తండ్రి కాదు కదా దేవుడు కూడా లోపలికి వెళ్ళలేడు. అంటే కోసింది అన్నయ్యే. వాన వచ్చేలా ఉందని వదులు చేసుకున్నాడో, నాన్న బిగింపు నచ్చలేదో, ఆ బెణికిన చేత్తో మళ్ళీ ముట్టుకున్నాడు. ఆఖరి వంపులో ఎవరూ తగలకుండానే పడ్డాడు. చక్రంలో వదులు ముందే ఉందో పడ్డాక వచ్చిందో చెప్పలేమని విచారణలో రాశారు. నాన్నకి ఇదంతా తెలుసనుకుంటాను. తెలిసి, చనిపోయిన కొడుకు మీదికి తప్పు పోనివ్వకుండా మీ కోపాన్ని తన నెత్తిన వేసుకున్నారు.

చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని, సాక్ష్యం కనబడితే నాకు ఆశ పుడుతుంది. అందుకే అడుగుతున్నాను. పోయినవాళ్ళు ఇంటికొచ్చే ఒబోన్ పండక్కి ముందు నాన్నని సమాధి లోపల పెట్టనివ్వండి వదినా.

మీ ఆడపడుచు,
చిజురు

---

జూలై, కొండమీద నుంచి

చిజురూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అన్నయ్య నిన్ను 'అనుమానాల ప్రొఫెసరమ్మ' అనేవాడు, ఈసారి మాత్రం నువ్వు అనుమానించాల్సిన చోట అనుమానించలేదు.

చక్రం ట్రాక్ నుంచి ఇంటికొచ్చిన రోజు దాన్ని తుడిచింది నేను. ఎవరూ ముట్టుకోవద్దన్నాను, గుర్తుందా? మట్టీ, ఇంకా ఏవేవో అంటుకుని ఉన్నాయి. తడిగుడ్డ ప్రతి ముడి దగ్గరా తట్టుకునేది, దారాలు లేచిపోయేవి. తట్టుకున్నప్పుడల్లా ఆగి విడిపించుకుని మళ్ళీ తుడిచాను. చుట్టంతా తుడిచాను. ఖాళీ చోటు ఒక్కటి కూడా లేదమ్మా.

ఆ ముడి కోసింది మీ నాన్నే. నేను చూశాను.

మీ అన్నయ్య అస్థికలు లోపల పెట్టే రోజు పొద్దున అందరూ గుడికి బయల్దేరుతున్నారు. నా నల్ల చెప్పుల కోసం ఆ గదిలోకి వచ్చాను. ఆయన నల్లకోటు వేసుకునే స్టాండు ముందు కూర్చున్నారు. ముక్కు చక్రానికి ఆనేంత దగ్గరగా వంగి, చేతిలో కటింగ్ ప్లయర్. టక్కుమని వినిపించింది. తీగ ముక్కలు నేల మీద పడ్డాయి. వెనక్కి తిరిగి నన్ను చూశారు. కంగారు పడలేదు. "ఇంక ఎవరికీ తెలీదులేమ్మా" అన్నారు.

ఆ మాట ఎంత మెత్తగా అన్నారో తెలుసా? పసిపిల్ల నిద్ర లేస్తుందేమో అన్నట్టు. ఆయన లేచి వెళ్ళాక ఆ తీగ ముక్కల్ని నేనే చీపురుతో ఊడ్చి కాలవలో పోశాను. ఆ మనిషి చేసిన చెత్త నా కాలికింద ఉండకూడదనుకున్నాను. గంట తర్వాత రాయి ముందు నిలబడి ఆ మాట అన్నాను. అందరూ నేను చక్రం గురించి అన్నాననుకున్నారు. చక్రం సంగతైతే క్షమించేదాన్ని. ముసలాయన, చూపు ఆనదు, కొడుకు మీద ప్రేమ కొద్దీ చేశాడు అనుకునేదాన్ని. తన తప్పుకి గుర్తు లేకుండా చేసుకుని, అదే కోటుతో వచ్చి కొడుకు ఎముకల ముందు చేతులు జోడించాడే, అది నా వల్ల కాలేదు.

తీగ ఎటు తిరిగి ఉందని నువ్వు అడుగుతావు. నాకు తెలియదు. మొగుడు పోయి నలభైతొమ్మిదో రోజున తీగ మెలి చూసే కళ్ళు ఎవరికుంటాయి?

సమాధి మీ ఇంటిది. తీర్పు నీది. ఆయన్ని పెడితే పెట్టు, నేనొచ్చి అడ్డం నిలబడను. పెట్టావంటే మాత్రం, నేను పోయాక నన్ను అక్కడికి తేవద్దు. ఇక్కడ ఈ కొండ మీద పాతినా ఫరవాలేదు.

ఇక్కడ రేగుపళ్ళలాంటి పుల్లటి ప్లమ్ములు బాగా కాశాయి. ఉప్పులో ఊరేశాను. ఊరాక పంపిస్తాను. కోపం నీ మీద కాదు.

తమియో

---

ఆగస్టు, ఒబోన్ వెళ్ళిన మర్నాడు

వదినా,

సీసా పగలకుండా చేరింది. మొదటి పండు నోట్లో వేసుకుంటే కళ్ళు మూసుకుపోయాయి. మీ చేతి ఉప్పు మారలేదు.

మీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు ఆ గదిలోకి వెళ్ళలేదు. వెనక తలుపు నుంచే తిరిగాను. అయినా వినిపించేది, టిక్, మళ్ళీ టిక్. చివరికి ఒకరోజు వెళ్ళి స్టాండు ముందు నాన్న కూర్చునే పీట మీద కూర్చున్నాను. ఆయన ఎన్నేళ్ళు కూర్చున్నారో, పీట ఆయన కూర్చున్న తీరుకే అరిగిపోయింది, నన్ను ఎడమవైపుకి ఒరిగేలా చేస్తుంది. అలా ఒరిగి, ఆ కోసిన చోటు వైపు చూస్తూ ఆలోచించాను.

ఇంత చక్రంలో ఆ ఒక్క ముడినే ఎందుకు కోశారు? అది కుడిచేతి ముడి, అంటే అన్నయ్య ముడి, అయ్యుండొచ్చు. అన్నయ్య ట్రాక్‌లో నాన్న ముడి కోసి, స్పోకు ముట్టుకుని, తన చేత్తో మళ్ళీ చుట్టి ఉంటాడు. అన్నీ ఎదురు తిరిగిన నాన్న ముడుల మధ్య అదొక్కటే సూటిగా తిరిగి, తప్పు ఎవరిదో అరిచి చెబుతూ ఉంటుంది. అప్పుడు "ఇంక ఎవరికీ తెలీదులేమ్మా" అన్నది అన్నయ్య పరువు గురించి, మీ కోసం. లేదా అది నాన్న ముడే అయ్యుండొచ్చు. చూపు ఆనక టంకం సరిగా పట్టని ముడి. అప్పుడా మాటకి అర్థం మీరు అనుకున్నదే. రెండు రకాలుగానూ అనుకుని చూశాను. రెండిట్లోనూ నాన్న గొంతు అంతే మెత్తగా ఉంది. ముక్కలు కాలవలో పోశారని మిమ్మల్ని నేనేమీ అనను. ఉండి ఉంటే చూసేదాన్నో లేదో.

ఆ తర్వాత ఒక మాట తట్టింది. తప్పు అన్నయ్యదేనని రేపు తేలిందనుకోండి. అతన్ని మనం బయటికి తీస్తామా? తీయం. సమాధి తీర్పు చెప్పే చోటు కాదు. అందుకని పండక్కి రెండు రోజుల ముందు రాతిపని ఆయన్ని పిలిపించాను.

రాయి జరిపాక ఆయన లోపలికి చెయ్యి పెట్టి తడుముతూ, "నాన్నగారిని కొడుకు పక్కన పెట్టమంటారా?" అన్నాడు.

"పక్కన వద్దు. ఆ చివర పెట్టండి."

"మధ్యలో ఇంత చోటు వదిలేస్తే ఎలాగమ్మా! అక్కడ ఎవరికి?"

"మా వదినకి."

"పెద్దావిడా? ఆరోగ్యం బాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది. ప్లమ్ములు ఊరేస్తోంది."

ఆయన నా ముఖంలోకి వింతగా చూసి, నాన్నని ఆ చివర పెట్టి రాయి మూసేశాడు. గుడి స్వామి నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. మీరు వద్దంటే ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. మీ మాట దాటి నేను మిమ్మల్ని తీసుకురాను. నా తర్వాత ఎవరు చూస్తారో తెలియదు కాబట్టి, ఆ మధ్య చోటు ఎవరిదో స్వామికి చెప్పి ఉంచాను. వాళ్ళిద్దరి మధ్య ఎవరో ఒకరు ఉండటం అవసరం అనిపించింది. ఇంట్లో కూడా మీరే కదా ఉండేవారు, వంటింట్లోంచి అరుస్తూ.

ఇల్లు వచ్చే నెల ఖాళీ చేస్తాను. స్టాండుని బల్ల నుంచి విప్పాలి. దానికన్నా ముందు చక్రాన్ని దింపాలి. ఇవాళ ఇరుసు నట్టు దాకా చెయ్యి వెళ్ళింది. తలుపు మూసే ఉంది, గాలి కూడా లేదు, చక్రం మాత్రం అర చుట్టు తిరిగి ఆగింది. నా చెయ్యే తగిలి ఉంటుంది.

నాన్న ఆ పొద్దున కాపాడింది అన్నయ్యనో తననో, వదినా, నేను తేల్చుకోలేకపోతున్నాను. ఆయన్ని లోపల పెట్టి వచ్చాను, అయినా తేల్చుకోలేకపోతున్నాను.

మీ
చిజురు