రోజా నాడు ఇచ్చిన బిస్కెట్

మండల విద్యాధికారి గారి సముఖమునకు,
వేములవాడలో గాజుల దుకాణం పెట్టుకొని బ్రతుకుచున్న ఫజలుద్దీన్ చేసుకొను విన్నపం.

అయ్యా,

విషయం: మూడవ తరగతి చదువుచున్న నా కూతురు యుమ్నాకు బుద్ధిమాంద్యము ఉన్నదని ప్రత్యేక గదికి మార్చిన ఉత్తర్వును రద్దు చేయుట గురించి.

తమరికి మనవి చేయునది ఏమనగా,

1. గడచిన రంజాన్ నెలలో పిల్లల తెలివిని పరీక్షించు బృందం మా వార్డు బడికి వచ్చినది. ఆ దినము నా కూతురు మొట్టమొదటి రోజా, అంటే ఉపవాసం, ఉన్నది. ఎనిమిదేండ్ల పిల్ల, వద్దంటే వినలే. సాయంత్రం ఇఫ్తార్‌కు పూలదండ వేస్తానని మా అమ్మ మహబూబ్‌బీ చెప్పింది. ఆ సంబురంలో బడికి పోయినది.

2. పిల్ల వంతు మధ్యాహ్నం మూడింటికి వచ్చినది. నోరెండిన పిల్ల ముందు బిస్కెట్ పెట్టి, "ఇదేంది? తిని చూపెట్టు" అన్నారట. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకున్నది. రోజా అని చెప్పవచ్చును గదా అని తమరు అడగవచ్చును. "రోజా నీకు, అల్లాకు నడుమ మాట బిడ్డా, చాటుకోవద్దు" అని మా అమ్మ చెప్పి పంపింది. ఈ పిల్ల ఒక మాట పట్టుకుంటే విడువదు. "తినుబండారమును గుర్తించలేదు, ఆదేశములు అర్థము కావు" అని రాసుకొని పోయిరి.

3. అదే దినము హోటల్ ఓంప్రకాశ్ గారి మనుమడు సైతం ఒక్క ముక్క మాట్లాడలేదు. "పోరడు సిగ్గుపడుతుండు" అని, పిలిపిస్తే వచ్చిన తాత అన్నందుకు, సిగ్గు అని రాసిరి. నన్ను పిలిచిన వారు లేరు. తర్వాత నేనే బడికి పోయి మొర పెట్టుకుంటే, "కాగితం పైకి పోయింది, మా చేతుల లేదు" అన్నరు.

4. ఆ గదిలో కూర్చున్నది మా గల్లీ పిల్లలు, మిషన్ వాడ పిల్లలు. పెద్ద బజారు పిల్లలు ఒక్కరూ లేరు. తెలివి కూడా వాడ చూసి పుడుతదా అయ్యా? ఆ గదిని నేను తక్కువ చేయుట లేదు. జేమ్స్ అను బాలునికి అది నిజముగా అవసరము, వనజ టీచర్ వాణ్ని కన్నబిడ్డ లెక్క చూసుకుంటది. నా బిడ్డకు అక్కడ పొద్దంతా పూసలు గుచ్చుడే పని. సెలవులిచ్చేదాక మూడవ తరగతి పాఠాలు కిటికీ అవతలి నుంచి విన్నదట.

5. సదరు బాలిక దుకాణానికి వచ్చిన ఆడవాళ్ల చెయ్యి చూసి "రెండు ఆరు" అని గాజుల సైజు చెప్పును. ఇప్పుడు రమ్మంటే, "నాకు సమజ్ కాదు అబ్బా" అని నాతోని చెప్పి మూలకు కూచుంటున్నది. నీకు అర్థం కాదన్న మాట మా ఇంట్లో ఎవరం అనలే. నా గుండె పలిగిపోయింది సార్.

కావున ఈ ఎండకాలం సెలవులు అయి బడి తిరిగి తెరిచేలోగా, పొద్దున పూట, కడుపు నిండా తిన్న నాడు పిల్లను మళ్ళీ పరీక్షించి, నాలుగవ తరగతిలో తోటి పిల్లల నడుమ కూర్చుండబెట్టగలరు. తప్పు ఎవరిదని అడగను. ఈ తండ్రి మొర దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
బిడ్డ మొగం చూడలేక తమ గడప తొక్కిన,
తమ విధేయుడు
ఫజలుద్దీన్

తా.క.: ఈ నాలుగు ముక్కలు తమ ఆఫీసు వరండాలో కూర్చొని రాస్తున్న. పిల్ల నాతోటే వచ్చింది. దారిలో పట్టుబట్టి బిస్కెట్ ప్యాకెట్ కొనిపించుకున్నది. ఆకలైతుందేమో అనుకున్న. "నాకు కాదు అబ్బా. సార్ ముందర తిని చూపెడత. వచ్చే రంజాన్‌కు రోజా ఉండనని చెప్త. అప్పుడు నన్ను మా క్లాసుకు తోలుతరు" అన్నది. ప్యాకెట్ విప్పకుండ పట్టుకొని, తమరి తలుపు దిక్కే చూస్తున్నది. తినమని మాత్రం అనకండి సార్. పేరు పెట్టి పిలవండి, చాలు.