స్క్రీన్‌లో ఎడమ సగం

మార్కాపురం

ప్రియమైన సాయినాథ్ బావకు,

సలాం. ముందు నన్ను తిట్టుకోవడం ఆపు. నీ మెసేజి చూసి కూడా ఇన్నాళ్ళు జవాబు రాయలేదు, తప్పు నాదే. ఎండలు ముదిరినాయి, కరెంటు పోతా వస్తా ఉంది. ఇన్వర్టరున్న ప్రతివాడికీ ఫ్యాను ఆగినాకనే నా బ్యాటరీ దుకాణం గుర్తుకొస్తది. మధ్యలో అస్మా వాళ్ళ తమ్ముడి పెళ్ళి, ముండ్లమూరు పోయొచ్చినాము. ఫోన్ చేద్దామంటే నువ్వే వద్దంటివి. "నువ్వు చెప్తా ఉంటే అంతా అర్థమైనట్టే ఉంటది, పెట్టేస్తే ఒక్క ముక్క గుర్తుండదు, రాసి పంపు, మెకానిక్కుకు చూపిస్తా" అని. రాస్తన్నా, తీసుకో.

రాచర్ల సంగతి చదివి నాకు చెమటలు పట్టినాయి. పికప్‌కు వెనక నువ్వు తగిలించుకొని తిరిగే ఆ రేకుల గది చిన్నదేం కాదు గదా బావా. మంచం, ఫ్యాను, సగం గది నిండా స్టీలు సామాన్లు. దాన్ని వెనక్కి తోలుతా రంగనాయకమ్మ మజ్జిగ కొట్టు ముందరి బెంచీని నుజ్జు చేసినావు. ఆమె చిల్లర కోసం అప్పుడే లేచి లోపలికి పోబట్టి సరిపోయింది. "వెనక ఏముందో ఈయనకు కనపడేదాకా నేను ఈ బండి ఎక్కను" అని నాగలక్ష్మి చెల్లెమ్మ అన్నదంటే అందులో తప్పేముంది? ఆమె ఎక్కకపోతే నీ సంతలు లేవు. నువ్వు తోలేవాడివే గానీ అమ్మేది ఆమె గదా.

కాబట్టి వెనక కెమెరా పెడదాం. కార్లకైతే రివర్సు లైటు తీగకు కలిపేస్తారు. గేరు వేస్తే బొమ్మ వస్తది, తీస్తే పోతది. నీకు అట్ల కుదరదు. వెనక గది అడ్డం కాబట్టి రోడ్డు మీద పోయేటప్పుడు కూడా నీకు వెనక కనపడాల. అందుకని కరెంటు పికప్ బ్యాటరీ నుంచే, తాళం తిప్పితేనే వచ్చేట్టు రిలే పెట్టి తీసుకోమను. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాల. తీగ లావుది పంపిస్తన్నా. సన్నది వేస్తే అంత పొడుగు పొయ్యేసరికి కెమెరాకు చేరేది ఏమీ ఉండదు. లోపలి ఫ్యాను బ్యాటరీకి మాత్రం కలపొద్దు, మీరు పండుకున్నా కెమెరా కరెంటు తాగుతానే ఉంటది. కెమెరాను గది వెనక నంబరు బోర్డు పైన, సరిగ్గా నడిమధ్యలో, కొంచెం కిందికి వంచి బిగించమను. స్క్రీను నీ ముందర, స్టీరింగుకు ఎడమ పక్కన.

అన్నీ డబ్బాలో పెట్టి ఆర్టీసీ పార్సిల్లో వేసినా. గిద్దలూరు బస్టాండులో తీసుకో.

తలనొప్పి తెచ్చుకోకుండా బిగించుకోమని కోరే
నీ జహంగీర్

* * *

గిద్దలూరు

ప్రియమైన జహంగీర్ బావా,

డబ్బా ముట్టింది. మా సామ్యేలు మెకానిక్కు నీ రాత రెండుసార్లు చదివి, "మీ సాయిబు రాసేదాంట్లో సగం కబుర్లు, సగం కరెంటు" అన్నాడు. అయినా పొద్దు మునిగేలోపల బిగించినాడు. బొమ్మ వచ్చింది. మా సందు, కుక్క, ఎదురింటి మెట్లు, అన్నీ కనపడినాయి. నీ చెల్లెలు సంబరపడి కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. యాడ పెట్టిందనుకున్నావు? సరిగ్గా కెమెరా అద్దం మీద. స్క్రీనంతా ఎర్రగా అయిపోయింది. నేను కంగారుపడి సామ్యేలును మళ్ళీ పిలిపిస్తే, చొక్కా అంచుతో తుడిచి, "అక్కా, దేవుడికి కూడా కళ్ళ మీద పెట్టరు గదా, నుదుటి మీదే పెడతారు" అన్నాడు. ఆమె మూడు రోజులు వాడికి టీ ఇయ్యలేదు.

ఇప్పుడు కష్టం చెప్తా విను. బ్రేకు తొక్కినప్పుడల్లా బొమ్మ వణుకుతా ఉంది. అది ఒకటి. ఇంకోటి అసలైంది. ఎడమ పక్క రావట్లేదు బావా. కుడి పక్క అద్దంలా ఉంది, ఎడమకు పోయేకొద్దీ ఏమీ లేదు. మొన్న కంభంలో చూసుకుంటానే వెనక్కి వచ్చినా, మళ్ళీ ఎడమ మూలే గోడకు గీరింది. పోయిన ఏడు చలికాలం నుంచీ అదే మూల గీరతా ఉంది, ఆ పక్క అద్దం కూడా రెండుసార్లు మార్చినా. కెమెరా వచ్చినాక కూడా గీరితే ఇంక కెమెరా ఎందుకు? నీ చెల్లెలు బండి దిగి నడిచి పోతానంటది. కొంచెం వెడల్పుగా చూపించే కెమెరా ఉంటే పంపు.

చెల్లెమ్మ అస్మాకు, పిల్లలకు నా దీవెనలు.
సాయినాథ్

* * *

మార్కాపురం

ప్రియమైన బావకు,

వణుకు సంగతి సులువు. సామ్యేలు ఎర్ర తీగను బుద్ధిగా బ్యాటరీ దాకా తెచ్చి, నల్ల తీగను వెనక గది ఇనుముకే తగిలించి ఉంటాడు. అడుగు, అవునంటాడు. ఆ ఇనుముకూ నీ పికప్‌కూ మధ్య ఉండేది తుప్పు పట్టిన కొక్కెం ఒక్కటే. బ్రేకు లైటు వెలిగినప్పుడు దానికి పోయే కరెంటూ, కెమెరాకు పోయేదీ అదే తుప్పులో తోసుకుంటాయి. నల్ల తీగ కూడా ముందుదాకా విడిగా లాగమను, వణుకు పోతది.

ఎడమ పక్క సంగతే నాకు అర్థం కావట్లేదు. నేను పంపింది మామూలు కార్లకు వేసేదాని కంటే వెడల్పుది. కాబట్టి ఒక పరీక్ష చేయి. బండి ఆపి, తాళం మాత్రం తిప్పి కూచో. వెనక ఎడమ మూల కాడ సామ్యేలును, కుడి మూల కాడ చెల్లెమ్మను నిలబెట్టు. ఎవరు కనపడతన్నారో చూడు. కెమెరా తీగల్లో చిన్న ఉంగరం లాగా వంచిన తీగ ఒకటి ఉంటది. దాన్ని కత్తిరిస్తే బొమ్మ అటుది ఇటు, ఇటుది అటు మారిపోతది. కత్తిరించి మళ్ళీ చూడు. కెమెరాది తప్పయితే అప్పుడు కూడా సామ్యేలే కనపడడు. చూసినాక ఆ తీగ తిరిగి కలపడం మర్చిపోవద్దు, లేకుంటే కుడి ఎడమలు తారుమారై ఈసారి నిజంగానే ఎవరి మీదికో పోతావు.

చెల్లెమ్మతో ఒక ఫోటో కూడా తీయించు. స్క్రీను మొత్తం పడాల. అది లేకుండా విజయవాడ డీలరు వస్తువు వాపసు తీసుకోడు.

తొందరగా రాయి,
జహంగీర్

* * *

గిద్దలూరు

ప్రియమైన బావా,

నల్ల తీగ నువ్వు చెప్పినట్టే ఉంది, సామ్యేలు తల గోక్కున్నాడు. లాగినాక వణుకు పోయింది.

పరీక్ష చేసినా. ముందు చూస్తే కుడి పక్కన నీ చెల్లెలు కనపడింది, చేతులు కట్టుకొని, మొహం ముడుచుకొని. సామ్యేలు లేడు. "ఒరేయ్, యాడికి పోయినావురా" అని అరిస్తే, "ఈడనే ఉండా గదన్నా" అంటాడు. ఉంగరం కత్తిరించినాక చూస్తే సామ్యేలు కుడి పక్కకు వచ్చి పళ్ళికిలిస్తన్నాడు, ఈసారి నీ చెల్లెలు లేదు. అంటే కెమెరా మంచిదే. స్క్రీనుకే ఎడమ సగం చచ్చిపోయింది. తీగ కలిపి, ఇద్దరినీ మళ్ళీ నిలబెట్టి, స్క్రీను ఫోటో నేనే తీయబోతే నీ చెల్లెలు వచ్చి ఫోను లాక్కొని, "నేనే తీస్తా, నా బదులు మా గోపిక నిలబడుతది" అని పక్కింటి పిల్లను నిలబెట్టింది. అప్పుడు కూడా నాకు గోపిక ఒక్కతే కనపడింది. ఫోటో ఆమే నీకు పంపుతానన్నది. నాకు చూపించలేదు, ఏందో గొణుక్కుంటా పోయింది.

వేరే స్క్రీను తొందరగా పంపు. వచ్చే వారం యర్రగొండపాలెం తిరునాళ్ళ. జనం మధ్యలోనే బండి పెట్టాల.

సాయినాథ్

* * *

మార్కాపురం

ప్రియమైన సాయినాథ్,

స్క్రీను పంపట్లేదు. ఇది సామ్యేలుకు చూపించొద్దు, నువ్వొక్కడివే చదువుకో.

డీలరుకు పంపుదామని ఫోటో తెరిచినా. స్క్రీను మొత్తం వెలుగుతా ఉంది. కుడి మూలలో గోపిక ఉంది, జడ ముందుకేసుకొని. ఎడమ మూలలో సామ్యేలు ఉన్నాడు. టెస్టరు చేతిలో పట్టుకొని నిలబడినాడు, చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. అస్మాకు చూపించినా, దుకాణానికి వచ్చిన ఇద్దరికి చూపించినా. అందరికీ ఇద్దరు మనుషులు కనపడినారు. కెమెరా మంచిది, స్క్రీను మంచిది, తీగలు మంచివి. ఆ ఫోటో తీసేటప్పుడు పక్కన కూచున్న నీకు మాత్రం ఒక్కరే కనపడినారు.

చెల్లెమ్మ ఎందుకు గొణుక్కుందో నాకు ఇప్పుడు తెలుస్తా ఉంది.

నేను డాక్టరును కాను. తీగ యాడ తెగిందో వెతకడం మాత్రం తెలుసు. కెమెరా పెట్టినా, బొమ్మ తిప్పినా తప్పు ఎప్పుడూ నీ ఎడమ పక్కనే ఉంటా ఉంది. నువ్వు గీరింది ఎడమ మూల. పగిలింది ఎడమ అద్దం. రంగనాయకమ్మ కూచునే బెంచీ యాడ ఉంది బావా, నువ్వు వెనక్కి వస్తే ఏ పక్కకు?

నీ చేతిలో ఉండేది అంత పెద్ద బండి. ఒంగోలు పోయి కళ్ళు చూపించుకో. చూపించుకునేదాకా తాళం చెల్లెమ్మ కాడ పెట్టు. తిరునాళ్ళకు మాత్రం పోవద్దు.

నీ మంచి కోరే
జహంగీర్

* * *

గిద్దలూరు

జహంగీర్,

నీ సరుకు చెడిపోతే చెడిపోయిందని ఒప్పుకో. నాకు కళ్ళు లేవని ఎందుకంటావు? బియ్యంలో రాయి ఏరతా, సూదిలో దారం ఎక్కిస్తా. రెండు కళ్ళూ మార్చి మార్చి మూసి చూసినా, రెండూ బాగానే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా స్టీరింగు పట్టినోడిని, బ్యాటరీలు అమ్మేవాడివి నాకు చెప్తన్నావు. ఫోటోలో ఉంటే ఉండనీ, ఆ టైముకు వెలిగి ఉంటది.

తిరునాళ్ళకు పోతన్నా. నీ స్క్రీను వద్దు, నీ సలహా వద్దు.

సాయినాథ్

* * *

మార్కాపురం

ప్రియమైన బావా,

తిట్టు, పడతా. సరుకు చెడ్డదని గిద్దలూరంతా చెప్పుకో, అది కూడా పడతా. పోయే ముందర ఒక్క పని చేయి. చెల్లెమ్మకు ఎదురుగా కూచో. ఆమె ముక్కు మీది నుంచి చూపు తిప్పొద్దు. ఆమె ఒక చెంచాను నీ కుడి పక్క నుంచి మెల్లగా నీ ముందుకు తేవాల, తర్వాత ఎడమ పక్క నుంచి. చెంచా కనపడినప్పుడు చెప్పు. రెండు పక్కలా ఒకే తీరుగా కనపడితే తిరునాళ్ళకు పో. ఈ జన్మలో నీకు ఇంకో మాట చెప్పను.

జహంగీర్

* * *

గిద్దలూరు

ప్రియమైన జహంగీర్ బావకు,

నీ కంటే ఎక్కువ ఆలస్యం చేసినా, క్షమించు.

తిరునాళ్ళకు పోలేదు. చెంచా కుడి నుంచి చెవి కాడికి వచ్చినప్పుడే కనపడింది. ఎడమ నుంచి ఎంతసేపటికీ రాలేదు. "ఇంకా మొదలుపెట్టలేదా" అని విసుక్కున్నా. చూస్తే చెంచా నాగలక్ష్మి ముక్కు కాడ ఉంది. ఆమె ఏడుస్తా ఉంది.

ఒంగోలులో ఒక డబ్బా లాంటిదాంట్లో తల పెట్టించి, చుక్కలు వెలిగించి, కనపడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. తర్వాత తలకు స్కానింగు తీసినారు. కళ్ళు రెండూ మంచివేనంట, అందులో నేనే గెలిచినా. పోయిన చలికాలం ఎప్పుడో తలలో రక్తం పోయే ఒక చిన్న నరం మూసుకుపోయిందంట. రెండు కళ్ళల్లోనూ ఎడమ సగం చూపు అప్పుడే పోయింది. "లేనిది చీకటిగా కనపడదండీ, అసలు ఉన్నట్టే తెలీదు, అందుకే మీరు పట్టుకోలేకపోయినారు" అన్నాడు డాక్టరు. మందులు ఇచ్చినాడు, ఇంకోసారి రాకుండా. పోయిన సగం వస్తదని చెప్పలేదు. బండి తోలొద్దని మాత్రం రెండుసార్లు చెప్పినాడు.

రాచర్ల బెంచీ నా ఎడమ పక్కనే. మొన్న పోయి రంగనాయకమ్మకు కొత్త బెంచీ వేయించి వచ్చినా. బస్సులో పోయినా.

బండి అమ్మేద్దామన్నా. నాగలక్ష్మి ఒప్పుకోలేదు. మార్కెట్ యార్డు ఖాళీగా ఉండే రోజుల్లో సామ్యేలు ఆమెకు పికప్ నేర్పుతన్నాడు. లైసెన్సు వచ్చినాక వెనక గది తగిలిస్తదంట, అందాక కెమెరాను సామ్యేలు పికప్ వెనకకే బిగించినాడు. నేను పక్కన కూచోని "ఇటు తిప్పు, అటు తిప్పు" అంటే, "నువ్వు చూసింది చాలుగానీ నోరు మూసుకో" అంటది. ముందుకు పోవడం కంటే వెనక్కి రావడమే ఆమెకు బాగా వస్తా ఉంది. నీ స్క్రీను చూసుకుంటా గీత మీద గీత పెట్టినట్టు తెస్తది.

ఇంకోటి చెప్తా, నవ్వొద్దు. చానా రోజుల నుంచి అన్నంలోకి పచ్చడి పెట్టట్లేదని ఆమెతో గొడవ పడతా ఉన్నా. ఆమె రోజూ పెడతానే ఉంది, కంచంలో ఎడమ పక్కన. నాకు మతి పోయిందని ఆమె భయపడింది, ఆమెకు నా మీద ప్రేమ పోయిందని నేను అనుకున్నా. ఇప్పుడు సగం తిన్నాక ఆమే వచ్చి కంచం తిప్పుతది. అక్కడ పచ్చడి ఉంటది, బావా. ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటది.

చెల్లెమ్మ అస్మాను కూడా తీసుకొని రా. వచ్చినప్పుడు నా కుడి పక్కన కూచో, నిన్ను బాగా చూడాల. ఎప్పుడొస్తన్నావు?

నీ
సాయినాథ్