ఫోను వచ్చిన మర్నాటి తప్పులు

నాయనా, ఇక్కడ నేనూ నీ కూతురూ కులాసా. ఫోనులో చెబితే అది వింటుందని కార్డు రాస్తున్నాను.

కాలేజీ ప్రవేశపరీక్షకు అది రోజూ పొద్దున్నే నమూనా పేపరు రాస్తోంది. గడియారం ముందు పెట్టుకుని నేనే కూర్చుంటున్నాను. తప్పులు తేదీలవారీగా ఒక పుస్తకంలో రాశాను. నువ్వు ఫోను చేసి మార్కులడిగిన మర్నాడల్లా అవి ఇరవై దాటాయి. మిగతా రోజుల్లో తొమ్మిది మించలేదు. ఆ పుస్తకం చూపిస్తే, "నాన్నకి చెప్పకు బామ్మా, బాధపడతాడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పరీక్షకు ఇంకా పదహారు రోజులున్నాయి. అంతవరకు తిన్నావా, నిద్రపోయావా అని అడుగు, మార్కుల ఊసెత్తకు. దాని పాత కళ్ళజోడు అక్కడుంటే పంపు. కోడలి మోకాలి నొప్పి తగ్గిందా?

నీ పరీక్షలప్పుడు రోజూ మార్కులడిగింది నేనే. అప్పుడీ లెక్క రాసుకోలేదు.

ఇద్దరూ చల్లగా ఉండండి.
అమ్మ