ఎవరి పొయ్యి వారికి

పామర్రు,
జూలై 1948

బాబాయిగారికి నమస్కారాలు.

ముసురు విడిచి ఎండ కాస్తోంది. ఉదయం నుంచి ఇక్కడి ఆడవాళ్ళు మట్టి తొక్కుతుంటే నేను ఊక అందిస్తున్నాను. ఎందుకో చెబుతాను.

గాలివానకు ఇళ్ళు పోయి, మగదిక్కు లేక, పిల్లలతో సత్రం అరుగుల మీద ఉన్నవాళ్ళకు మీరు కట్టించిన గదులు బాగున్నాయి. అందరికీ కలిపి ఒకే వంటశాల పెట్టడంలోనే మనం పొరబడ్డాం. మొన్న వాళ్ళలో చౌడేశ్వరి అనే ఆమె మూట కట్టుకుని, పిల్లలను తీసుకుని గుమ్మం దాకా వచ్చింది. ఆమె వెనకే మిగిలినవాళ్ళూ లేచారు.

"ఇక్కడ ఏం తక్కువైందమ్మా?" అన్నాను.

"తిండికేం లోటు లేదండీ. పొద్దున్నే పొయ్యి అలికి ముగ్గేసుకునే వీలు లేక ఇదీ సత్రంలాగే ఉందండీ. ఆ సత్రమేదో మాకు అలవాటైందే."

"పొయ్యి వేయిస్తే ఉంటావా?"

"ఉంటాను. ముందు మీకే వడ్డిస్తాను. భద్రమ్మగారి చారు తాగి మీరూ చిక్కిపోయారు."

అందరూ నవ్వారు. భద్రమ్మగారు కూడా అక్కడే ఉన్నారు.

మిమ్మల్ని అడగకుండానే వంటశాల గోడ తీయించాను. ఆ ఇటుకలతో ప్రతి గది వసారాలో పొయ్యి వేస్తున్నాం. ఇకమీదట బియ్యం, పప్పు వండకుండానే పంచుతాం. కోపగించుకోకండి. చౌడేశ్వరి పొయ్యి ఇంకా ఆరలేదు, అప్పుడే ముగ్గేసింది.

వంటకు మీరు పంపిన భద్రమ్మగారు నిన్న మధ్యాహ్నం బస్సుకు చల్లపల్లి వెళ్ళిపోయారు.