చదువుల దేవుడిని నేనడిగింది

చి.ల.సౌ. కనకదుర్గకు దీవెనలతో వ్రాయునది.

హొనొలులులో నేనూ, అబ్బాయి శశికాంతూ, కోడలు పూజితా కులాసా. ఇర్వింగ్‌లో నువ్వూ, మన రేణూ, అల్లుడు నిశాంతూ, చంటిదీ కులాసా అని ఫోన్‌లో విన్నాను. కానీ ఆ స్పీకర్‌లో అందరూ వింటుంటే మనసులో మాట ఏం చెబుతాను? అందుకే కాగితం పట్టాను.

ముందు తీపి కబురు దుర్గా! మన పూజిత గెలిచిందే! ఆసుపత్రిలో డాక్టరు శిక్షణకు సీటొచ్చింది. ఈ పొద్దున "వచ్చేసింది మామయ్యా!" అంటూ నా చేతులు పట్టుకుని గిరగిరా తిప్పేసింది, నా పంచె ఊడినంత పనయింది. ఆనందం పట్టలేక పక్కింటివాళ్ల తలుపు కొట్టి మరీ చెప్పాను. ఏం అర్థమైందో గాని చప్పట్లు కొట్టారు.

పగలంతా ఎవరితో కబుర్లని అడిగావు. శశి ఆఫీస్‌కి పోతాడు, పూజిత తలుపేసుకుని చదువుకుంటుంది. నేను జపానువాళ్ల చదువుల దేవుడి గుడికి నడిచి వెళతాను. మన తాతల కాలంలో చెరకుతోటల పనికి వచ్చినవాళ్ల గుడి. పరీక్షల పిల్లలు చెక్కపలకల మీద కోరికలు రాసి కడతారు. పడుకున్న ఎద్దు విగ్రహం కూడా ఉంది. మొదటిరోజు పూజితే తీసుకెళ్లింది, అలవాటు కొద్దీ దాని చెవిలో కోరిక చెప్పేశాను.

పూజిత పకపకా నవ్వింది. "మామయ్యా, ఇది నంది కాదు! తల నిమరాలి, చదువొస్తుంది."

"ఈ వయసులో నాకు చదువెందుకే? చెవులున్నాయి, వింటుందిలే."

ఆ దేవుడు ఒకప్పుడు మనిషేనట. మహా పండితుడు. గిట్టనివాళ్లు చాడీలు చెప్పి దూరంగా వెళ్లగొట్టించారట. భార్యను ఊళ్లోనే వదిలి, మళ్లీ చూసుకోకుండానే పోయాడట. పూజిత అది చదివి చెప్పినప్పటి నుంచి నేను రోజూ వెళుతున్నాను.

ఇక అసలు మాట, నవ్వకు. కోడలు గెలవాలని మొక్కుతున్నానని అందరూ అనుకున్నారు. నేనడిగింది, సీటు మీ ఇర్వింగ్ పక్కనున్న డల్లాస్‌లో రావాలని. వస్తే అందరం నీ దగ్గరికే మారతాం కదా! సీటు బోస్టన్‌లో వచ్చింది.

పూజితతో పాటు నేనూ గంతులేశాను. అది దొంగ సంతోషం కాదు, నీ మీద ఒట్టు. తర్వాత గదిలోకొచ్చి మాత్రం, బోస్టన్ నుంచి నీ దగ్గరికి ఎంత దూరమో లెక్కేసుకుంటూ కూర్చున్నాను.

అల్లుడింట్లో మకాం పెడితే పరువేం కానని, నువ్వు ఎంత రమ్మన్నా రానన్నది నేనే. నాకిక ఆ పరువు వద్దు. హాల్లో చాప వేసినా చాలు. నిశాంత్‌ని నువ్వు అడగక్కర్లేదు, నేనే అడుగుతాను. ముందు నువ్వు ఊ అను.

ఇట్లు,
నీ ఆయన
రాధాకృష్ణ